పాత బస్సుకు పెద్ద డీజిల్ ఇంజను ఎక్కించడం సబబేనా?

ఉప్పల్ (ప్రశ్న అడిగినవారు):

1999లో రిజిస్టరైన టాటా బస్సు ఒకటి మా వద్ద ఉంది. ఒక కళాశాల వారు ఏళ్ల తరబడి పిల్లలను తిప్పి అమ్మివేసిన ఆ బండిని కొని, సీట్లు తీయించి, పడకలు, వంటగట్టు, నీళ్ల ట్యాంకు పెట్టించుకుని ఇంటిల్లిపాదీ దూరప్రయాణాలకు వాడుకుంటున్నాము. బాడీ మార్పును ఆర్‌సీలో అప్పుడే ఎక్కించాము. ట్యాంకులన్నీ నింపి ధర్మకాంటా మీద నిలబెడితే పది టన్నులు తూగుతుంది. ఇంజను కంపెనీ ఇచ్చిన 697 అనే టాటా రకం, దానికి టర్బో (పొగ ఒత్తిడితో తిరిగి ఇంజనులోకి ఎక్కువ గాలి నెట్టే పరికరం) లేదు. చదును దారిలో పేచీ లేదు గాని, శ్రీశైలం వెళ్లేటప్పుడు ఈగలపెంట వైపు దిగి, ఆనకట్ట దాటి, మళ్లీ సున్నిపెంట వైపు ఎక్కే చోట బండి బొత్తిగా లాగదు, వెనుక వచ్చే వాహనాలు బారులు తీరుతాయి. సనత్‌నగర్‌లో ఒకరి వద్ద జనరేటరు నుంచి దింపిన 8.3 లీటర్ల కమ్మిన్స్ ఇంజను అమ్మకానికి ఉంది. దానిని ఎక్కించవచ్చునా, అసలు ఎక్కించడం సబబా అన్న విషయంపై సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

సికింద్రాబాద్:

ఇంజను మార్చి తీరాలని నా అభిప్రాయం. 697 అనేది టాటాకు బెంజ్ వారితో పొత్తు ఉన్న కాలం నాటి నమూనాకు వారసురాలు. 97 మిల్లీమీటర్ల బోరు, 128 మిల్లీమీటర్ల స్ట్రోకు, మొత్తం 5,675 సీసీ. టర్బో లేని ఆ ఇంజను చేత పది టన్నుల ఇంటిని కొండ ఎక్కించడమంటే ప్రతి ఘాటులోనూ యాక్సిలరేటరును నేలకు తొక్కిపట్టి నడపడమే. అయితే 8.3 కంటె కమ్మిన్స్ వారిదే 5.9 లీటర్ల 6బీటీ రకం మేలు. టాటా, కమ్మిన్స్ కలిసి 1993లో నెలకొల్పిన సంస్థ జంషెడ్‌పూర్‌లో తయారుచేసిన ఆ కుటుంబపు ఇంజన్లను టాటా తన లారీలలోనూ బస్సులలోనూ తానే అమర్చింది కనుక, తుక్కుకు వచ్చిన అటువంటి బండి ఒకటి దొరికితే మౌంటింగులు, రేడియేటరు, బెల్ హౌసింగు (ఇంజనును గేర్‌బాక్సుకు కలిపే గుల్ల), సైలెన్సరు గొట్టం వరకు అన్నీ దాని నుంచే తీసుకోవచ్చు. కొత్తగా కనిపెట్టవలసింది ఏమీ లేదు.

వనస్థలిపురం:

ఆటోనగర్‌లో ఇంజన్లు దింపి ఎక్కించే పనిలోనే ఉన్నవాడిని. ఉప్పల్ గారు అడిగిన 8.3 సంగతి ముందు తేల్చాలి, ఎందుకంటే బేరం కుదిరి అడ్వాన్సు ఇచ్చిన తరువాత ఎవరూ వెనక్కు తగ్గరు.

జనరేటరు ఇంజను, బండి ఇంజను చూడటానికి ఒకటే గాని వాటి డీజిలు పంపు వేరు. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్ కనుక జనరేటరు నిమిషానికి 1500 చుట్లు తిరగాలి; లోడు పెరిగినా తగ్గినా ఆ వేగాన్ని పట్టి ఉంచేలా పంపులోని గవర్నరును అమరుస్తారు. బండికి కావలసింది కాలి కింద తగ్గుతూ పెరుగుతూ ఉండే వేగం. అందువల్ల పంపును బండి రకానికి మార్చి, కాలిబ్రేషన్ బల్ల (పంపు ఎంత డీజిలు ఇస్తున్నదో కొలిచే యంత్రం) మీద పెట్టి, డీజిలు చిమ్మే నాజిళ్లతో సహా సరిచేయించాలి. దీనికి అమ్మేవారు "చిన్న సెట్టింగు" అని పేరు పెడతారు. ఆ తరువాత ఫ్లైవీలు (ఇంజను వెనుక తిరిగే బరువైన చక్రం), దాని హౌసింగు, క్లచ్ ప్లేటు కొలతలు ఏవీ మీ గేర్‌బాక్సుకు కలవవు. బ్రేకులకు గాలి నింపే కంప్రెసరు జనరేటరు ఇంజనుకు ఉండనే ఉండదు, దానిని విడిగా అమర్చుకోవాలి.

ఇక బలం సంగతి. పది టన్నుల బండి వంద మీటర్ల దూరానికి ఆరు మీటర్లు లేచే ఎత్తును ఎక్కాలంటే, టైర్ల రాపిడితో కలిపి, సుమారు 6,670 న్యూటన్ల లాగుడు కావాలి. గేర్లలో, క్రౌనులో (వెనుక ఇరుసులోని పళ్లచక్రాల జతలో) పోయేది పోగా చక్రానికి ఎనభై అయిదు శాతం బలం చేరుతుందనుకుంటే, 110 హార్స్‌పవరు ఇచ్చే ఇంజను ఆ ఎత్తును గంటకు 37 కిలోమీటర్ల వేగంతో ఎక్కించగలదు. 180 హార్స్‌పవరు ఉంటే 61 వస్తుంది. ఆరు కిలోమీటర్ల ఘాటులో ఆదా అయ్యేది నాలుగు నిమిషాలకు లోపు. అది కూడా మలుపులన్నిటిలో 61తో పోగలిగితేనే. నల్లమల మలుపులలో పడకలున్న బస్సును ఎవరు 61తో తిప్పుతారో నాకు తెలియదు.

మరొక ముఖ్యమైన విషయం. పది టన్నుల బండి ఆ ఎత్తులో ముప్పయి అయినా దాటకపోతే దోషం ఇంజను పరిమాణానిది కాదు, దాని ఆరోగ్యానిది. ఇంజను వేడెక్కిన తరువాత ఐడిల్‌లో ఉంచి, ఆయిల్ పోసే మూత విప్పి, దానిని తలకిందులుగా ఆ నోటి మీదనే ఉంచండి. కొంచెం వణికితే ఫరవాలేదు. ఎగిరి కింద పడితే పిస్టను రింగులు అరిగి, మండిన గాలి సంపులోకి (కింది ఆయిల్ తొట్టిలోకి) దిగుతున్నదని అర్థం. అలాగే బాడీ మార్చినప్పుడు నీళ్ల ట్యాంకుకు చోటు కోసం సైలెన్సరు గొట్టాన్ని వంచారా, వంచిన చోట గొట్టం నొక్కుకుపోయిందా, ఎయిర్ ఫిల్టరు నోరు ఏ పెట్టె వెనుక దాగి ఉన్నది అన్నవి కింద పడుకుని చూడండి. ఇల్లుగా మార్చిన బస్సులలో ఈ రెండు చోట్ల ఊపిరి ఆడకపోవడం తరచు కనిపిస్తుంది.

నాగోల్:

యంత్రం సంగతి పెద్దలు చూస్తున్నారు కనుక నేను కాగితాల సంగతి మాత్రమే చెబుతాను. మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు ఆర్‌సీలోని వివరాలు భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదు. ఇంజను నంబరు, సిలిండర్ల సంఖ్య, హార్స్‌పవరు, సీసీ ఇవన్నీ ఆర్‌సీలో ఉండే వివరాలే. పది అంతకు మించి రవాణా వాహనాలున్న యజమానులకు అనుమతి లేకుండానే ఇంజను మార్చుకునే వెసులుబాటును రాష్ట్ర ప్రభుత్వం ఇవ్వవచ్చునని అదే సెక్షను చెబుతుంది గాని, అక్కడ కూడా అదే కంపెనీ, అదే రకం ఇంజను అన్న షరతు ఉంది. 2019 జనవరిలో కేరళ నుంచి వెళ్లిన కేసులో సుప్రీంకోర్టు, తయారీదారు నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీలులేదని స్పష్టంగా చెప్పింది. అదే సంవత్సరపు సవరణతో మారిన 182ఏ సెక్షను కింద, అనుమతి లేని ఒక్కొక్క మార్పుకు అయిదు వేల రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు.

కాబట్టి 8.3 ఇంజనుకు ఆమోదం దొరుకుతుందని నేను అనుకోను. అనుమతి అడగకుండా ఎక్కిస్తే, రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వెళ్లిన రోజున బ్రేకు ఇన్‌స్పెక్టరు ఛాసిస్ నంబరుతో పాటు ఇంజను నంబరు కూడా చూస్తాడు. అంతకు ముందే ప్రమాదం జరిగితే, చెప్పని మార్పును సాకుగా చూపి బీమా వారు మీ సొంత నష్టం క్లెయిమును తిరస్కరించే అవకాశం ఉంది.

సికింద్రాబాద్:

నాగోల్ గారి మాటతో 8.3 ప్రసక్తి తీరిపోయింది, దానిని నేనూ సమర్థించలేదు. కాని వనస్థలిపురం గారు ఘాటును నిమిషాలలో కొలవడం సరికాదు. ఎక్కడానికి ఎంతసేపు పట్టిందన్నది కాదు, ఆ సేపంతా ఇంజను ఏ స్థితిలో ఉన్నదన్నది చూడాలి. పూర్తి డీజిలు తాగుతూ, నల్లపొగ విడుస్తూ, ఫ్యాను సరిగా తిరగని నెమ్మది వేగంలో పదిహేను నిమిషాలు ఎక్కే ఇంజనుకు హెడ్డు గ్యాస్కెట్టు (ఇంజను పైభాగపు సీలు) పోవడం ఎంతసేపు? అదే బరువును టర్బో ఇంజను సగం శ్రమతో లాగుతుంది. రేపు వారు పైకప్పు మీద ఏసీ పెట్టుకుంటే ఆ భారం కూడా ఈ ముసలి ఇంజను మీదనే పడుతుంది.

బాలానగర్:

లేత్ పని చేసేవాడిగా ఒక్క మాట. ఇంజనును గేర్‌బాక్సుకు కలిపే అడాప్టరు ప్లేటు ఎవరైనా కోసి ఇస్తారు. కాని క్రాంకు (ఇంజనులో తిరిగే ఇరుసు) మధ్యగీత, గేర్‌బాక్సు ఇన్‌పుట్ షాఫ్టు మధ్యగీత కలిసేలా డయల్ గేజీ పెట్టి చూసి ఇచ్చేవారు తక్కువ. అది కొద్దిగా తప్పినా ఆ షాఫ్టు మొనను మోసే పైలట్ బేరింగు అరుస్తుంది, ఆ తరువాత ఇన్‌పుట్ షాఫ్టు పోతుంది. కంపెనీ బెల్ హౌసింగు దొరికే ఇంజను అయితేనే ఈ పనికి దిగండి.

వనస్థలిపురం:

సికింద్రాబాద్ గారూ, వేడి గురించి మీరన్నది నిజమే. అయితే పెద్ద ఇంజను ఆ వేడిని మాయం చేయదు. ఎక్కువ డీజిలు కాలిస్తే ఎక్కువ వేడి రేడియేటరులోకి వస్తుంది, కనుక 6బీటీ ఎక్కించినవారు పాత రేడియేటరును ఉంచుకోలేరు, పైగా ఇంటర్‌కూలరు (టర్బో నెట్టిన గాలిని చల్లబరిచేది) ఉన్న రకమైతే దానికీ ముందు భాగంలో చోటు చూడాలి. డ్రైవరు పక్కనే ఇంజను ఉన్న బండిలో ఆ వేడి ఎవరి మోకాళ్లకు తగులుతుందో వేరే చెప్పనక్కరలేదు.

మీరు ఎవరూ ప్రస్తావించని క్రౌను సంగతి ఒకటి ఉంది. ఈ బండి క్రౌను 41/6 అనుకుందాము, అంటే ప్రొపెల్లరు షాఫ్టు 6.83 చుట్లు తిరిగితే చక్రం ఒక చుట్టు. 9.00-20 టైరు ఒక చుట్టుకు దాదాపు 3.15 మీటర్లు పోతుంది. 697 ఇంజను నిమిషానికి 2800 చుట్ల వరకు తిరుగుతుంది కనుక టాప్ గేరులో గంటకు 77 కిలోమీటర్లు వస్తాయి. 6బీటీని 2500 వద్ద కట్టడి చేస్తారు, అప్పుడు 69 మాత్రమే. 8.3 ఇంజనును 2200 వద్ద ఆపితే 61. జనరేటరు గవర్నరును ముట్టుకోకుండా అలాగే ఎక్కిస్తే 41 కిలోమీటర్లకు మించి పోదు! అంత డబ్బు పోసి బలమైన ఇంజను తెచ్చుకున్నవాడు ఔటర్ రింగు రోడ్డుకు అవతల జాతీయ రహదారి మీద లారీల చేత హారను కొట్టించుకుంటాడు. 37/6 క్రౌను వేస్తే 6బీటీకి 77 వస్తుంది. కాబట్టి ఇంజనుతో పాటు క్రౌను ఖర్చును కూడా లెక్కలో వేసుకోవాలి. 8.3 ఇచ్చే టార్కు 697 ఇచ్చేదానికి రెట్టింపు దాటుతుంది కనుక, మొదటి గేరులో క్లచ్ ఒక్కసారిగా వదిలితే పాత గేర్‌బాక్సు, క్రౌనును తిప్పే పినియన్ పళ్లు దానిని ఎన్నాళ్లు భరిస్తాయో చెప్పలేము. ముందు ఇరుసు మీద నూటయాభై కిలోలకు పైగా అదనంగా పడే బరువు సంగతి సరేసరి.

నా సలహా అడిగితే, 697 కుటుంబంలోనే టర్బో ఉన్న రకం ఉంది. సీసీ అదే, కంపెనీ అదే. ఉన్న ఇంజను నిజంగా అరిగిపోయి ఉంటే అది చూసుకోవచ్చు.

నాగోల్:

సీసీ అదే అయినా హార్స్‌పవరు మారుతుంది. కనుక దానికీ ముందుగా దరఖాస్తు పెట్టి, అనుమతి చేతికి వచ్చిన తరువాతే ఇంజను దించండి. కొన్న ఇంజనుకు బిల్లు, అది వచ్చిన బండిని తుక్కు చేసినట్లు కాగితం లేకపోతే కొనవద్దు.

ఉప్పల్ (ప్రశ్న అడిగినవారు):

అందరికీ కృతజ్ఞతలు. వనస్థలిపురం గారు చెప్పినట్లు మూత పెట్టి చూశాము. వణికింది గాని పడలేదు. సైలెన్సరు గొట్టం మాత్రం నీళ్ల ట్యాంకు స్టాండు కింద అరచేతి వెడల్పు మేర చదునుగా నొక్కుకుని ఉంది. ఎయిర్ ఫిల్టరు పీల్చే నోరు వంటగట్టు కింది పెట్టెలోకి ఉంది, అక్కడ గాలి రావడానికి ఒక కంత అయినా లేదు. క్రౌను మీద ముద్ర 41/6 అనే ఉంది. సనత్‌నగర్ వారికి ఇంజను వద్దని చెప్పివేశాము.

సికింద్రాబాద్:

గొట్టం, ఫిల్టరు సరిచేయించండి, మంచిదే. కాని వచ్చే వేసవిలో నిండు ట్యాంకులతో అదే ఘాటు ఎక్కి, టెంపరేచరు ముల్లు ఎక్కడ నిలిచిందో ఇక్కడ రాయండి. అది ఎర్రగీతను తాకితే టర్బో గురించిన నా వాదన మళ్లీ మొదలవుతుంది.

వనస్థలిపురం:

రాయండి. దానికి ముందు పంపును, నాజిళ్లను బల్ల మీద పెట్టించి టైమింగు చూపించుకోండి. గాలి అందని ఇంజనులో బండి లాగడం లేదని ఎవరో ఒకరు ఈపాటికి పంపు మీది స్క్రూ తిప్పి డీజిలు పెంచే ఉంటారు. గొట్టం బాగుపడిన తరువాత కూడా ఆ స్క్రూ అలాగే ఉంటే పొగ తగ్గదు, వేడీ తగ్గదు.