నిరాడంబరత ఖరీదు ఎవరిది? పొందూరు ఖద్దరు గురించి ఒక ప్రశ్న

ప్రశ్న: నూలుపోగు

1921 సెప్టెంబరు 22న మదురైలో గాంధీజీ కొల్లాయి కట్టిన నాటి నుంచి ఖద్దరు మన దేశంలో నిరాడంబర జీవితానికి గుర్తుగా నిలిచిపోయింది. అయితే శ్రీకాకుళం జిల్లా పొందూరులో నేసే సన్న ఖద్దరు పంచె కొనబోతే, దాని ధర మిల్లు పంచె ధరకు ఎన్నో రెట్లు ఉంటుంది. పేదవాడి కోసం తలపెట్టిన బట్ట పేదవాడికే అందనప్పుడు దానిని నిరాడంబరం అనవచ్చునా? సరళత గొప్పదనాన్ని చెప్పేవారు చాలామంది ఉన్నారు గానీ, దాని లోటుపాట్లను చెప్పేవారు ఎందుకు కనబడరు?

సమాధానం: సిక్కోలు వాసి

అయ్యా, ఆ బట్టలో తగ్గించినది అలంకారాన్నే గానీ శ్రమను కాదు. గింజతో ఉన్న పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ ఎముకకున్న సన్నని పళ్ల మధ్య నలుసులు రాలిపోయి, పోగులన్నీ ఒక వైపుకు సర్దుకుంటాయి. ఆ తర్వాత గింజ తీసి, దూది ఏకి, ఏకులు చుట్టి, ఒంటి కదురు రాట్నం మీద 100 కౌంటు దాకా వడుకుతారు. కౌంటు పెరిగే కొద్దీ నూలు సన్నబడుతుంది కాబట్టి, అంతే బరువు నూలుకు మరిన్ని గజాలు వడకవలసి వస్తుంది. పైగా సాదా పంచెలో తప్పును దాచుకునే చోటు ఉండదు. పోగు ఒక్క చోట లావైనా కంటికి ఆనుతుంది. లోటు కూడా ఇక్కడే ఉంది. పువ్వూ జరీ లేని బట్టకు ఇంత ధరేమిటని కొనేవారు బేరమాడుతారు, ఆ భారం చివరకు వడికే స్త్రీల కూలి మీద పడుతుంది.

సమాధానం: పాత పత్రికల పాఠకురాలు

ఆలోచనలో సరళత తెచ్చిన చిక్కు కూడా ఖద్దరు చరిత్రలోనే ఉంది. 1924 డిసెంబరులో గాంధీజీ అధ్యక్షత వహించిన బెళగావి మహాసభ, కాంగ్రెసు సభ్యత్వానికి నెలకు 2,000 గజాల నూలును చందాగా నిర్ణయించింది. దేశభక్తికి ఇంతకన్నా సులువైన కొలబద్ద దొరకదు, కానీ అది ఏడాదైనా నిలవలేదు. 1925లోనే సడలించవలసి వచ్చింది. అదే ఏడాది రవీంద్రనాథ్ ఠాగూర్, అందరి చేతా ఒకే పని చేయిస్తే మనసులు మొద్దుబారుతాయని విమర్శించారు. ఎవరి వృత్తినీ మానమనలేదనీ, రోజుకు అరగంట వడకమన్నాననీ గాంధీజీ బదులిచ్చారు. పంటల మధ్య పని దొరకని పల్లెకు రాట్నం ఆసరా అన్న మాటను నేను మనసారా ఒప్పుకుంటాను. అయితే ఆ ఆసరానే అందరికీ వర్తించే పరీక్షగా మార్చిన చోట ఠాగూరే సరిగా చూశారని నా అభిప్రాయం.

ప్రశ్నించినవారి మాట: నూలుపోగు

ఇద్దరికీ నమస్కారాలు. ఆ ధర న్యాయమేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. కానీ మిల్లు పంచె కట్టే కూలీ కన్నా, సన్న ఖద్దరు కట్టిన శ్రీమంతుడే నిరాడంబరుడని మెచ్చుకునే అలవాటును మాత్రం ఒప్పుకోలేను. సిక్కోలు వాసి గారూ, రశీదు మీద వడుకు కూలి, నేత కూలి విడివిడిగా చూపిస్తే ఆ బేరాలు కొంతైనా తగ్గుతాయంటారా?