డిసెంబరు ఎండలో వేడి పుడ్డింగా? ఆస్ట్రేలియాకి వలసెళ్ళిన బ్రిటిష్ క్రిస్మస్

దక్షిణగోళం (చర్చ మొదలు)

రెండో ప్రపంచయుద్ధం తర్వాత పది పౌండ్ల ఛార్జీ పథకంలో పది లక్షలమందికి పైగా బ్రిటన్ నుంచి ఆస్ట్రేలియాకి ఓడెక్కారు. పండగని కూడా వెంట తెచ్చుకున్నారు, చలిని తెచ్చుకోలేకపోయారు. ఇప్పటికీ చాలా ఇళ్ళలో డిసెంబరు 25 మధ్యాహ్నం బయట 35 డిగ్రీలుంటే లోపల ఓవెన్‌లో టర్కీ, పొయ్యిమీద గంటలకొద్దీ ఉడికే పుడ్డింగ్ (ఎండుపళ్ళతో ఆవిరి మీద చేసే బరువైన కేకులాంటిది). ఇంకో వర్గం ఈ వంటంతా అక్కడ చలికాలమైన జూలైకి జరిపేసింది. డిసెంబరులో వాళ్ళు రొయ్యలు, చల్లటి హామ్, చెర్రీలతో కానిచ్చేస్తారు.

జూలైకి మార్చడమే సబబని నా వాదన. ఆ పళ్ళెంలో ఉన్నవన్నీ చలికాలపు సరుకులే. బ్రస్సెల్స్ స్ప్రౌట్స్ (బుల్లి క్యాబేజీల్లాంటివి) ఆస్ట్రేలియాలో చలికాలపు పంట, డిసెంబరులో దొరికినా వడిలిపోయి ఉంటాయి. చెస్ట్‌నట్లు మార్చి–మే మధ్య కోతకొస్తాయి, ఫ్రిజ్‌లో దాస్తే జూలైకి పనికొస్తాయి, డిసెంబరుకి డబ్బా సరుకే గతి. ఇంగ్లండ్‌లో ఆ నెలలో ఏం దొరికితే అది పళ్ళెంలోకి ఎక్కింది, అంతేగానీ ఎవరూ శాస్త్రం రాసిపెట్టలేదు. సిడ్నీ దగ్గరి బ్లూ మౌంటెన్స్ కొండల్లో హోటళ్ళు జూన్–ఆగస్టు మధ్య 'యూల్‌ఫెస్ట్' పేరుతో చేస్తున్నది ఇదేగా.

సిక్స్‌పెన్స్

దక్షిణగోళం గారూ, మీ లెక్క పుడ్డింగ్ దగ్గరే తప్పింది. పండగనాడు దాన్ని గంటలకొద్దీ ఉడికించరు. అసలు వంట సుమారు ఐదు వారాల ముందే అయిపోతుంది. అడ్వెంట్‌కి, అంటే క్రిస్మస్ కోసం ఎదురుచూసే నాలుగు వారాలకి, ముందొచ్చే ఆఖరి ఆదివారాన్ని 'స్టిర్ అప్ సండే' అంటారు. 1549 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో ఆ రోజు ప్రార్థన 'కదిలించు ప్రభూ' అన్న అర్థంతో మొదలవుతుంది. దేవుణ్ణి అడిగింది మనసుల్ని కదిలించమని, ఇళ్ళల్లో అర్థం చేసుకుంది గరిటె తిప్పమని.

1.2 లీటర్ల గిన్నెలో పెట్టిన పుడ్డింగ్‌కి ఆ రోజు ఆవిరి మీద ఆరు నుంచి ఎనిమిది గంటలు. క్రిస్మస్ నాడు మళ్ళీ వేడెక్కడానికి రెండు గంటలు చాలు. మనకి ఆవకాయ ఎలాగో వాళ్ళకిది అలాగ, పెట్టే రోజు వేరు, తినే రోజు వేరు. ఆ ఆదివారం ఎండ ఎక్కువుంటే తెల్లవారుజామునే పొయ్యి వెలిగించుకోవచ్చు.

ఇక జూలై సంగతి. ఆ రోజు సెలవు లేదు, చర్చి లేదు, ఇంగ్లండ్‌లో ఉన్న అమ్మమ్మ కూడా అదే రోజు బల్ల దగ్గర కూర్చుంటుందన్న తృప్తి లేదు. జూలైలో అయ్యేది విందు. దాన్ని పండగ అనలేం.

వంటింటిలెక్క

ఆవకాయ పోలిక బాగుంది. అయితే ఆవకాయకి తడి తగిలితే ఏమవుతుందో దీనికీ అదే అవుతుంది. ఆస్ట్రేలియాలో పుడ్డింగులు పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే.

పాత ఇంగ్లిష్ పద్ధతిలో పుడ్డింగ్‌ని గుడ్డలో కట్టి ఉడికించి, ఆ మూటనే చల్లటి గదిలో కొక్కేనికి వేలాడదీస్తారు. అక్కడి చలిలో గుడ్డ బయట నుంచి ఆరిపోతుంది. బ్రిస్బేన్ లాంటి ఉక్కపోత ఊళ్ళో డిసెంబరులో గుడ్డ ఆరదు, మడతల్లో నాలుగు రోజులకే నల్లటి బూజు చుక్కలు. పుడ్డింగ్‌లోని చక్కెర, బ్రాందీ లోపలి భాగాన్ని కాపాడతాయి. పైన తడి చేరిన చోట చక్కెర పలచబడిపోతుంది కాబట్టి బూజుకి అడ్డు ఉండదు.

గుడ్డ కావాలనే పట్టుదల ఉంటే: 60 సెం.మీ. చదరపు కోరా గుడ్డ. గంజి పోయేదాకా 20 నిమిషాలు మరగబెట్టి, వేడిగా ఉండగానే నీళ్ళు పిండేసి, మధ్యభాగమంతా మైదా చల్లి రుద్దాలి. ఆ మైదాయే పుడ్డింగ్ చుట్టూ చర్మంలా ఏర్పడుతుంది. మూటని సలసల మరిగే నీళ్ళలోనే వేయాలి. నీళ్ళు చల్లబడి ఉంటే మైదా కొట్టుకుపోయి నీరు లోపలికి దిగుతుంది, విప్పేసరికి పైపొర బంకబంకగా గుడ్డతో పాటే ఊడొస్తుంది. ఉడికాక ఒక పూట ఫ్యాన్ కింద వేలాడదీసి, గుడ్డ గలగలమనేలా ఆరాక నేరుగా ఫ్రిజ్‌లోకి.

గిన్నె పద్ధతి ఇంతకన్నా నమ్మకం. వెన్న రాసిన గిన్నెలో మిశ్రమం, పైన బటర్ పేపర్, దానిమీద అల్యూమినియం ఫాయిల్, రెండిటికీ నడిమధ్య ఒక మడత. పుడ్డింగ్ ఉబ్బడానికి చోటు ఇచ్చేది ఆ మడతే. తాడుతో బిగించి, అదే తాడుతో పైన పిడి కట్టుకుంటే తర్వాత వేళ్ళు కాలవు. చాలామంది మరిచిపోయేది ఒకటుంది: ఉడికాక ఆ కాగితం తీసి పారేయాలి. ఆవిరంతా అందులోనే ఉంటుంది. పుడ్డింగ్ పూర్తిగా చల్లారాక కొత్త పొడి కాగితం కట్టి ఫ్రిజ్‌లో పెట్టాలి. ఇంగ్లిష్ పుస్తకాల్లో రాసే 'చల్లటి చీకటి అల్మారా' ఆస్ట్రేలియా ఎండాకాలంలో ఏ ఇంట్లోనూ ఉండదు.

గోధుమరవ్వ

స్యూయెట్ బదులు వెన్న వేస్తే సరిపోతుందా? అలాగే ప్రెషర్ కుక్కర్లో పెట్టొచ్చా?

వంటింటిలెక్క

స్యూయెట్ అంటే ఎద్దు మూత్రపిండాల చుట్టూ ఉండే గట్టి కొవ్వు. సుమారు 45–50 డిగ్రీల దాకా కరగదు. వెన్న 35 లోపే కరుగుతుంది, పైగా అందులో ఆరో వంతు దాకా నీళ్ళు. ఎండాకాలం వంటింట్లో మిశ్రమం కలుపుతుండగానే వెన్న నూనైపోతుంది. స్యూయెట్ ముక్క మాత్రం చుట్టూ పిండి గట్టిపడటం మొదలైన తర్వాత నెమ్మదిగా కరిగి, తన చోట చిన్న ఖాళీ మిగులుస్తుంది. పుడ్డింగ్ గుల్లగా ఉండేది అందుకే. వెన్నే దిక్కయితే గడ్డకట్టించి, పిండి చల్లుకుంటూ తురిమి, చివర్లో కలపండి. కసాయి దగ్గర తాజా స్యూయెట్ అడిగితే దొరుకుతుంది, పొరలు తీసేసి అలాగే గడ్డకట్టించి తురమాలి. బ్రిటన్ నుంచి తెచ్చుకునేవాళ్ళు మాత్రం అది జంతు పదార్థమని విమానంలో ఇచ్చే కార్డులో రాయాల్సిందే.

కుక్కర్ నిక్షేపంగా పనికొస్తుంది. మొదటి 20 నిమిషాలు వెయిట్ పెట్టకుండా ఆవిరి మీద ఉంచాలి. మొదటే ప్రెషర్ ఎక్కిస్తే పొంగాల్సిన పిండి పొంగకముందే బిగుసుకుంటుంది. తర్వాత వెయిట్ పెట్టి సన్నటి సెగ మీద, సైజును బట్టి రెండు నుంచి మూడు గంటలు. మన విజిల్ కుక్కర్ ప్రతి కూతకీ కొంత నీళ్ళు పోగొట్టుకుంటుంది. లీటరున్నరతో మొదలుపెట్టి, గంటకోసారి దింపి, ప్రెషర్ పోయాక మూత తీసి చూడండి. వంటింట్లో ఆవిరి సగానికి తగ్గుతుంది. దక్షిణగోళం గారి ఫిర్యాదు కూడా అదే కదా.

నీలిమంట

బ్రాందీ సంగతి ఎవరూ ఎత్తలేదు. బల్ల మీదికి తెచ్చే ముందు పుడ్డింగ్ మీద బ్రాందీ పోసి అంటిస్తారు. ఇంగ్లండ్‌లో దాన్ని గరిటెలో కొంచెం వేడి చేస్తేగానీ మంట పట్టదు. 40 శాతం ఆల్కహాల్ ఉన్న సారాయికి అంటుకునేంత ఆవిరి సుమారు 26 డిగ్రీల దగ్గర మొదలవుతుంది, అక్కడి వంటిల్లు అంతకన్నా చల్లన. ఆస్ట్రేలియా డిసెంబరులో గదే 30 దాటి ఉంటుంది, సీసాలోని బ్రాందీ వేడి చేయకుండానే అంటుకోడానికి సిద్ధం. అందుకని 60 మి.లీ. చిన్న గిన్నెలోకి కొలుచుకుని, సీసాకి మూత బిగించి వేరే గదిలో పెట్టేయాలి. మండుతున్న పుడ్డింగ్ మీద సీసాతో ఇంకాస్త పోయడం అన్నిటికంటే పెద్ద పొరపాటు.

రెండోది, ఆ మంట లేత నీలం. మధ్యాహ్నపు వెలుగులో కనబడదు. ఆరిపోయిందనుకుని ఎవరో కత్తి పట్టుకుని వంగుతారు. తెరలు వేయండి, లేదా రాత్రి తొమ్మిదిన్నర దాకా ఆగండి. మెల్‌బోర్న్‌లో ఆ రోజు సూర్యుడు అస్తమించేసరికే ఎనిమిదిన్నర దాటుతుంది.

దక్షిణగోళం

పుడ్డింగ్ విషయంలో ఒప్పుకుంటున్నా, అది ముందే చేసుకునేది. టర్కీని ఏం చేస్తారు? ఐదు కిలోల గడ్డకట్టిన పక్షి ఫ్రిజ్‌లో కరగడానికి కిలోకి 10–12 గంటల లెక్కన రెండు రోజుల పైనే. ఇంగ్లండ్‌లో చాలామంది దాన్ని గ్యారేజీలో వదిలేస్తారు, డిసెంబరు చలే వాళ్ళకి ఫ్రిజ్. ఆ అలవాటు ఇక్కడికొస్తే నేరుగా ఆస్పత్రికే. పండగ ముందు ఫ్రిజ్‌లో బీరు, హామ్, పండ్లు పోను టర్కీకి చోటెక్కడ?

వడ్డించాక కూడా ఇక్కడి నియమం గుర్తుండాలి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య రెండు గంటల లోపు ఉన్నది ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, రెండు నుంచి నాలుగు గంటల మధ్యైతే అప్పటికప్పుడు తినేయాలి, నాలుగు దాటితే చెత్తబుట్టకే. సాయంత్రం దాకా బల్లమీద మాంసం ఉంచి కొరుక్కుంటూ కూర్చునే ఇంగ్లిష్ పద్ధతి ఇక్కడ కుదరదు.

సిక్స్‌పెన్స్

టర్కీ నియమాలన్నీ నిజమే. కానీ దానికి మందు నెల మార్చడం కాదండీ, పక్షిని చిన్నది చేయడం. ఎముక తీసిన రొమ్ముభాగం రెండు కిలోలు తెచ్చుకుని పెరట్లో మూత ఉన్న గ్యాస్ బార్బెక్యూలో, కింద బర్నర్ ఆపి పక్క బర్నర్ల వేడితో కాల్చి, లోపల 75 డిగ్రీలు చూపిస్తే దింపేయడమే. ఇల్లు వేడెక్కదు.

భోగిపిడక

తారీఖు పట్టుకుని వేలాడటం అన్నిసార్లూ కుదరదని గుర్తుచేస్తున్నా. బ్రిటిష్‌వాళ్ళ నవంబరు 5 భోగిమంట, పార్లమెంటుని పేల్చేయాలన్న 1605 కుట్ర భగ్నమైన గుర్తుకి వేసేది, ఆస్ట్రేలియాలో బతకలేదు. అక్కడ శరదృతువు తడి ఆకులు, ఇక్కడ కార్చిచ్చుల కాలం మొదలు. పైగా చాలా రాష్ట్రాల్లో ఇళ్ళల్లో బాణసంచా కాల్చనివ్వరు. నార్తర్న్ టెరిటరీలో జూలై 1 సాయంత్రం ఆరు నుంచి పదకొండు దాకా మాత్రం కాల్చుకోనిస్తారు, అది వాళ్ళ సొంత పండగ. న్యూజీలాండ్‌లో నవంబరు 2–5 నాలుగు రోజులే బాణసంచా అమ్మకం.

మనవాళ్ళకీ ఇదే చిక్కు. భోగి జనవరి నడిమధ్యలో పడుతుంది. 'టోటల్ ఫైర్ బ్యాన్' ప్రకటించిన రోజైతే సిడ్నీ, మెల్‌బోర్న్ పెరడుల్లో పిడక కూడా వెలిగించకూడదు.

సిక్స్‌పెన్స్

మంట వేరు, వంట వేరు. తారీఖు మార్చకుండా రూపం మార్చుకున్న ఉదాహరణ చెప్తాను, కొవ్వొత్తుల వెలుగులో కేరల్స్, అంటే క్రిస్మస్ పాటలు. 1938లో మెల్‌బోర్న్ రేడియో అనౌన్సర్ నార్మన్ బ్యాంక్స్ మొదలుపెట్టారు. ఎండాకాలం రాత్రి పార్కులో గడ్డిమీద కూర్చుని పాడటం మంచు కురిసే దేశంలో అయ్యే పని కాదు. పాటలు అక్కడివి, తారీఖు అక్కడిది, గడ్డి మాత్రం ఇక్కడిది.

పాతచిల్లర

దొరికినవాళ్ళకి అదృష్టమని పుడ్డింగ్‌లో నాణెం వేసేవాళ్ళకి ఒక మాట. 1966లో వచ్చిన డాలర్–సెంట్ల నాణేలు ఇందులో వేయరు. అవి ఎక్కువగా రాగి–నికెల్, ఉడికితే పచ్చబడి రుచి కూడా చెడగొడతాయి. పాత ఆస్ట్రేలియా మూడు పెన్నీల బిళ్ళలు 1945 దాకా 92.5 శాతం వెండి, ఆ తర్వాతివి సగమే. బ్రిటన్ నుంచి తెచ్చుకున్నవైతే 1920కి ముందువి మంచివి, 1947 నుంచి వెండే లేదు. పది నిమిషాలు మరగబెట్టి వేయాలి. పిల్లలకి దొరికినది వెనక్కి తీసుకుని డాలర్ ఇస్తారు, అవే బిళ్ళలు వచ్చే ఏడాదికి.

మైక్రోవేవ్‌లో వేడిచేసేవాళ్ళు మాత్రం నాణెం ముందే వేయకూడదు, ఫాయిల్ కూడా తీసేయాలి. వడ్డించే ముందు కత్తిమొనతో గాటు పెట్టి దూర్చండి. పవర్ సగానికి తగ్గించి రెండేసి నిమిషాలు, మధ్యలో ఆపుతూ. చక్కెర ఎక్కువ కాబట్టి పైన గోరువెచ్చగా ఉండగానే నడుమ మాడిపోతుంది.

దక్షిణగోళం

సరే, పుడ్డింగ్ మీకు వదిలేశా. స్ప్రౌట్స్, చెస్ట్‌నట్లు మాత్రం జూలైకే.

గోధుమరవ్వ

25న భోజనం తర్వాత పుడ్డింగ్‌కి ఎవరికీ కడుపులో చోటుండకపోతే?

వంటింటిలెక్క

కోయకుండా ఫ్రిజ్‌లో ఉంచేయండి. 26న ఉదయం వేలు మందం ముక్కలు కోసి, పెనం మీద వెన్నలో పక్కకి రెండేసి నిమిషాలు, అంచులు కరకరలాడేదాకా. మెల్‌బోర్న్ టెస్టులో మొదటి బంతి పడేలోపు అయిపోతుంది.