కాలిలో రక్తం గడ్డ కట్టాక అనంతపురం నుంచి హైదరాబాద్ ప్రయాణం

ప్రశ్న: మా నాయనకు 4 నెలల కింద ఎడమ పిక్కలో రక్తం గడ్డ కట్టింది. వార్ఫరిన్ (రక్తం గడ్డ కట్టకుండా ఆపే మాత్ర) వాడుతున్నాడు. ప్రయాణం చేయొచ్చని డాక్టర్ చెప్పినారు. రాత్రి బస్సులో పోవచ్చా? గోంగూర మానాల్నా?

జవాబు: అన్నా, రైలు మేలు, పెట్టెలో అటూ ఇటూ నడవొచ్చు. బస్సయితే నడవ పక్క సీటు తీసుకోండి. అరగంటకోసారి మడమ నేలకానించి వేళ్లు పైకి, మళ్లీ వేళ్లు ఆనించి మడమ పైకి, 20 సార్లు. పిక్క కండ బిగిస్తేనే రక్తం పైకెక్కేది. బస్సు ఆగిన ప్రతిచోటా దింపి నడిపించండి. బాత్రూం భయంతో నీళ్లు తగ్గించనీయొద్దు.

డాక్టర్ కాలిని బిగించి పట్టే మేజోళ్లు రాసుంటే పొద్దున మంచం దిగకముందే, వాపు లేనప్పుడే తొడగాల. పై అంచు మడిస్తే అక్కడే తాడు కట్టినట్టు బిగుసుకుంటుంది.

ఇంకో జవాబు: గోంగూర, పాలకూర మానక్కర్లేదు. వారం వారం ఒకే మోతాదులో తినాల. నెలంతా మాని ఊర్లో పెండ్లికి పోయి ఒకేసారి తింటే ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డ కట్టడానికి ఎంతసేపు పడుతుందో చూపే రక్తపరీక్ష అంకె) పడిపోతుంది, అంటే వార్ఫరిన్ పని తగ్గుతుంది. మామూలుగా అది 2-3 మధ్య ఉండాల. బయల్దేరే ముందు చూపించండి. మాత్రలు డిక్కీలో కాదు, చేతిసంచిలో. ఒక పూట మరిచి, ఆ రోజే గుర్తొస్తే వేసుకోవచ్చు. మర్నాడు రెండు మాత్రం వద్దు.

మరో మాట: నొప్పులకు డైక్లోఫెనాక్, పిర్రకు సూది వద్దేవద్దు, లోపల రక్తం కారొచ్చు. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి, దగ్గులో రక్తం వస్తే వెంటనే 108.