అల్వరాడో 8 వచ్చాక కూడా సీటీ ఎందుకు?

రాత్రిడ్యూటీ: సర్జరీ పీజీని. 22 ఏళ్ల అబ్బాయి, అపెండిసైటిస్ (అపెండిక్స్ వాపు) అనుమానం. నొప్పి ముందు బొడ్డు చుట్టూ మొదలై కుడివైపు కిందికి దిగింది. ఆకలి లేదు, వాంతి అయింది. మెక్‌బర్నీ పాయింట్ (పొట్ట కుడివైపు కింద, అపెండిక్స్ ఉండే చోటు) మీద వేలు పెట్టగానే నా మణికట్టు పట్టేసుకున్నాడు. రీబౌండ్ (నొక్కి వదలగానే నొప్పి) ఉంది. జ్వరం లేదు. తెల్లకణాలు 14,000, ఎక్కువే. అపెండిసైటిస్ అవునో కాదో అంచనా వేసే అల్వరాడో స్కోరు లెక్కేస్తే పదికి 8. అయినా మా సార్ సీటీ తీయించమన్నారు. అవసరమా?

పాత సర్జన్: అవసరం లేదు. 1986లో అల్వరాడో చెప్పింది కూడా ఇదే: 5, 6 వస్తే కనిపెట్టుకుని ఉండు, 7 గానీ ఆపైన గానీ వస్తే ఆపరేషన్ చెయ్యి. కుర్రవాడు, కథ అచ్చం పుస్తకంలో ఉన్నట్టే ఉంది. ఇంకేం కావాలి?

నలుపుతెలుపు: సార్, నేను స్కాన్లు చదివే డాక్టర్ని. ఆ స్కోరు 305 మంది పాత కేస్‌షీట్లు తిరగేసి కట్టింది. స్కోరు తక్కువ వస్తే అపెండిసైటిస్ కాదనడానికి పనికొస్తుంది. ఎక్కువ వచ్చిందని పెద్దవాళ్లలో ఖాయం చేసుకోవడానికి సరిపోదని అపెండిసైటిస్ మీద 2020లో వచ్చిన జెరూసలేం మార్గదర్శకాలే చెప్పాయి. సీఆర్‌పీని (ఒంట్లో వాపును చూపే రక్తపరీక్ష) కలుపుకున్న ఏఐఆర్ అనే మరో స్కోరు ఇంతకంటే నయం. ఇదే కథతో ఒక అమ్మాయి వస్తే? అండాశయం మెలిపడినా, ట్యూబులో గర్భం నిలిచినా 7 రావచ్చు.

పాత సర్జన్: వచ్చింది అబ్బాయమ్మా.

చిన్నడాక్టర్: 😂

ఓపీ కిటికీ: అసలు రీబౌండ్ ఇంకా ఎందుకు చూస్తున్నారు? గట్టిగా నొక్కి చటుక్కున వదలడమంటే రోగిని హింసపెట్టడమే. దగ్గమనండి, లేదా వేళ్లతో మెల్లగా తట్టండి. పొత్తికడుపు పొర వాచి ఉంటే మొహంలో తెలిసిపోతుంది.

పాత సర్జన్: ముప్పై ఏళ్లుగా నొక్కుతున్నాను, ఎవరూ పారిపోలేదు.

ఓపీ కిటికీ: పారిపోయే స్థితిలో ఉంటే మీ దగ్గరికెందుకొస్తారు సార్?

మందారం: నేను డాక్టర్ని కాదు. మా చెల్లిని రాత్రి తీసుకెళ్తే కాగితం మీద ‘స్కోరు 4’ అని రాసి, గ్యాస్ మాత్రలిచ్చి ఇంటికి పంపారు. మర్నాటి సాయంత్రానికి కడుపు చెక్కలా బిగిసింది. అపెండిక్స్ పగిలిపోయింది. మీరంతా 8 గురించి కొట్టుకుంటున్నారు. 4 గురించి ఎవరైనా మాట్లాడతారా?

నలుపుతెలుపు: అందుకే స్కాన్ అంటున్నాను.

పాత సర్జన్: కాదు. నొప్పి మొదలైన కొద్ది గంటల్లో ఎవరికైనా 4 రావచ్చు. అప్పటికి నొప్పి కిందికి దిగదు, తెల్లకణాలూ పెరిగి ఉండవు. తప్పు 4 రావడంలో లేదు, ఆరేడు గంటలు ఆగి అదే చెయ్యి మళ్లీ పెట్టి చూడకపోవడంలో ఉంది.

గడ్డపెరుగు: నాకు తీసేశారు. తర్వాత బయాప్సీలో ‘నార్మల్ అపెండిక్స్’ అని వచ్చింది. స్కాన్ తీయలేదు.

నలుపుతెలుపు: ఇదిగో. పాతరోజుల్లో తీసినవాటిలో నూటికి పదిహేను ఇరవై మామూలువే ఉన్నా మంచి సర్జన్ అనేవారు. ఆ లెక్క తగ్గింది సీటీ వచ్చాకే.

పాత సర్జన్: చీకటి గదిలో కూర్చుని రోగి మొహం చూడకుండా రిపోర్టు రాసేవాళ్లు నాకు పాఠం చెప్పక్కర్లేదమ్మాయ్. పిల్లలకి, గర్భిణులకి కూడా రేడియేషన్ ఇద్దామా?

నలుపుతెలుపు: ‘అమ్మాయ్’ అక్కర్లేదు సార్. వాళ్లకి ముందు అల్ట్రాసౌండ్ చేస్తాం, తేలకపోతే ఎమ్మారై, అది మీకూ తెలుసు. మరి మీ చెయ్యి రాత్రి రెండింటికి వార్డులో ఉంటుందా? ఉండేది మొదటి ఏడాది పీజీ. మీరు ఫోన్లో ‘పొద్దున చూద్దాం’ అంటారు. ఆ రాత్రి బాధ్యత ఎవరిది?

(చాలాసేపు ఎవరూ రాయలేదు.)

రాత్రిడ్యూటీ: నా గొడవ కూడా ఇదే. మళ్లీ మళ్లీ చూడమంటారు, కానీ ఎనిమిదింటికి డ్యూటీ మారుతుంది. తర్వాత వచ్చేవాడికి నా వేలి కింద పొట్ట ఎంత బిగిసిందో తెలీదు. వాడికి అందేది ఒక అంకె. సీటీ తీస్తే కనీసం బొమ్మ ఉంటుంది. మా సార్ అడిగింది రోగి కోసమో, రేపు ఎవరైనా నిలదీస్తే చూపించుకోవడానికో నాకు తెలీదు.

పాత సర్జన్: రెండోదే. అందుకే నాకు ఒళ్లు మండేది. ఎదురుచూడ్డం కూడా వైద్యమే అన్న సంగతి ఎవరికీ పట్టడం లేదు.

మందారం: ఎదురుచూడమని మాకు చెప్పనేలేదు సార్. నొప్పి కుడివైపుకి దిగినా, నడిస్తే పొడిచినట్టున్నా వెంటనే వెనక్కి రండి అని ఆ కాగితం మీద రాసి ఉంటే పొద్దున్నే వచ్చేవాళ్లం.

చిన్నడాక్టర్: నొప్పి ఇంజెక్షన్ ఇస్తే గుర్తులు కప్పబడిపోతాయని ఆపేస్తున్నారు మా దగ్గర. నిజమేనా?

ఓపీ కిటికీ: పాత భయం. ఇచ్చినా రోగనిర్ధారణ దెబ్బతినదని పరీక్షించి తేల్చారు. ఇవ్వండి.

నలుపుతెలుపు: పాత సర్జన్ గారికి ఒక్కమాట. రాత్రి నాకొచ్చే స్కాన్ ఫారాల మీద ‘కడుపునొప్పి’ అని ఒక్క మాటే ఉంటుంది. ఎక్కడ, ఎప్పటినుంచి, మొదట చూసినప్పుడు ఎలా ఉంది, ఇప్పుడెలా ఉంది, ఇవి రాసి పంపండి. సగం ఫారాలు నేనే వెనక్కి పంపుతాను, స్కాన్ అక్కర్లేదని.

పాత సర్జన్: రాయిస్తాను. రీబౌండ్ కూడా రాయిస్తాను.