గ్రీన్‌కార్డ్, హెచ్1బీ వాళ్లకి స్కూల్ బోర్డు ఎన్నికల్లో ఓటు ఉండాలా వద్దా?

డాలస్_శ్రీను
అందరికీ నమస్కారం. చాలా రోజుల్నుంచి అడగాలనుకుంటున్నా. డాలస్ పక్కన సబర్బ్‌లో ఉంటాం, వచ్చి పదకొండేళ్లు, హెచ్1బీ వర్క్ వీసా, గ్రీన్‌కార్డ్ కోసం కంపెనీ పెట్టే ఐ140 పిటిషన్ ఎప్పుడో అప్రూవ్ అయింది, గ్రీన్‌కార్డ్ క్యూలో నా వంతు మాత్రం రాలేదు. మొన్న మా కాలనీని వేరే ఎలిమెంటరీ స్కూల్‌కి మార్చేశారు. పాప నడిచి వెళ్లే బడి పోయి ఇప్పుడు హైవే అవతలికి బస్సెక్కాలి. బోర్డు మీటింగ్‌లో మాట్లాడ్డానికి పేరిచ్చాను, మూడు నిమిషాలే టైం, రాసుకెళ్లిన కాగితం చేతిలో వణుకుతుంటే ఎలాగో చదివా. మర్యాదగా విన్నారు, థాంక్యూ అన్నారు, పావుగంటలో ఓటేసి పాస్ చేశారు. ప్రాపర్టీ టాక్స్ బిల్లులో అన్నిటికన్నా పెద్ద ముక్క స్కూల్ డిస్ట్రిక్ట్‌కే పోతుంది కదా. ప్రెసిడెంట్‌కి ఓటెయ్యాలని నేనడగట్లేదు. మా పాప బడి గురించి నిర్ణయించేవాళ్లకైనా వేసుకోనివ్వొచ్చుగా? మీరేమంటారు?

మిర్చిబజ్జి
ఉండాలి. ఇందులో అడగడానికేముంది.

పాతకాపు
ఉండకూడదు. టాక్స్ కట్టాను కాబట్టి ఓటివ్వాలంటే, డాలస్‌లో రెండ్రోజులుండి షాపింగ్ చేసుకుపోయే టూరిస్టు కూడా సేల్స్ టాక్స్ కడతాడు, అతనికీ ఇద్దామా? మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో పదిహేనేళ్లుగా ఉంటున్న నేపాలీ వాచ్‌మన్‌కి జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో ఓటిస్తున్నామా? అక్కడ తప్పనిపించనిది ఇక్కడికి రాగానే అన్యాయం ఎలా అయిపోయింది? ఓటు అనేది రసీదు చూపిస్తే ఇచ్చే టోకెన్ కాదు. చెయ్యెత్తి సిటిజన్‌గా ప్రమాణం చేస్తే వస్తుంది.

డాలస్_శ్రీను
టూరిస్టుతో పోలిక ఏంటండీ. నాకు ఇల్లుంది, ముప్పై ఏళ్ల లోనుంది, ఇక్కడే పుట్టిన పిల్లలున్నారు. అయినా ఇది నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు. మేరీల్యాండ్‌లో టకోమా పార్క్ అనే ఊళ్లో 1992 నుంచీ సిటిజన్ కానివాళ్లు కూడా సిటీ ఎన్నికల్లో ఓటేస్తున్నారు. శాన్‌ఫ్రాన్సిస్కోలో 2016లో జనమే ఓటేసి, పిల్లలున్న తల్లిదండ్రులు ఎవరైనా స్కూల్ బోర్డుకి ఓటెయ్యొచ్చని తెచ్చుకున్నారు. ఆకాశం ఏమైనా ఊడి పడిందా?

పాతకాపు
టకోమా పార్క్ ఎంత ఊరండీ? పట్టుమని ఇరవై వేల మంది లేరు. న్యూయార్క్ సంగతి చెప్పరేం మరి? 2021 డిసెంబర్‌లో సిటీ ఎన్నికల్లో ఓటిస్తామని వాళ్ల సిటీ కౌన్సిల్ పాస్ చేసింది, గ్రీన్‌కార్డ్ వాళ్లకీ వర్క్ పర్మిట్ వాళ్లకీ అందరికీ, దాదాపు ఎనిమిది లక్షల మందికి. 2025 మార్చిలో రాష్ట్రంలో అన్నిటికన్నా పై కోర్టు 6-1తో కొట్టేసింది, వాళ్ల రాజ్యాంగంలో ఉన్నది 'సిటిజన్' అనే మాటే, చెల్లదు పొమ్మంది. ఇక మన టెక్సస్‌లో అయితే 2025 నవంబర్‌లో సిటిజన్లకే ఓటని రాజ్యాంగంలోనే రాసుకున్నారు, అదీ జనం ఓటేసే. ఇక్కడ కూర్చుని టకోమా పార్క్ గురించి మాట్లాడుకోవడం టైంపాస్.

మిర్చిబజ్జి
ఊరు చిన్నదైతే హక్కు కూడా చిన్నదవుద్దా సార్

పాతకాపు
నేను చెప్పింది అది కాదు.

ఓరుగల్లు_పిల్లగాడు
అన్నా మధ్యల వస్తున్నా ఏమనుకోకుండ్రి. నేను ఎఫ్1 స్టూడెంట్ వీసా మీద ఉన్న. నిన్న లైసెన్స్ కోసం పోతే ఫారంల ఓటర్‌గ రిజిస్టర్ అయితవా అని ఒక డబ్బా ఉంది. అన్నిటికీ టిక్ పెట్టుకుంట పోతున్న, దీనికి పెట్టాల్నా వద్దా సమజ్ కాక ఫారం ఇంటికి తెచ్చిన.

సుధ_పోలింగ్
బాబూ, దాని జోలికి అస్సలు పోకు! ఆ ప్రశ్న సరిగ్గా చదువు, 'మీరు సిటిజన్ అయితే' అని ఉంటుంది. నువ్వు టిక్ పెడితే సిటిజన్‌నని అబద్ధం చెప్పినట్టు లెక్క. రేపు గ్రీన్‌కార్డ్ దగ్గర అదే పట్టుకుంటారు, తెలీక పెట్టానన్నా వినరు, దేశం నుంచి పంపించేదాకా పోవచ్చు. ఆఖర్న సిటిజన్‌షిప్ ఫారం ఎన్400లో కూడా ఎప్పుడైనా ఓటర్‌గా రిజిస్టర్ అయ్యారా అని అడుగుతారు. మాకు తెలిసినాయన ఒకాయన కౌంటర్‌లో ఉన్నావిడ గబగబా అడుగుతుంటే అన్నిటికీ యస్ యస్ అనేశాడు, మూడేళ్లు లాయర్ల చుట్టూ తిరిగాడు.

ఓరుగల్లు_పిల్లగాడు
అమ్మో. బతికిచ్చినవ్ అక్కా.

డాలస్_శ్రీను
చూశారుగా, తెలీక టిక్ పెడితే దేశం నుంచి గెంటేస్తారు. జనాభా లెక్కలకి మాత్రం మేం కావాలి. సెన్సస్‌లో మమ్మల్నీ లెక్కపెట్టే సీట్లు పంచుతారు, 2016లో మన టెక్సస్ కేసులోనే సుప్రీంకోర్టు చెప్పింది, ఓటర్లను కాదు మొత్తం మనుషుల్ని లెక్కేసి నియోజకవర్గాలు గియ్యొచ్చని. అంటే తల లెక్కకి ఉన్నాం, ఓటుకి లేం. ప్రాపర్టీ టాక్స్ నేను కడతా, ఆ డబ్బెక్కడ ఖర్చు పెట్టాలో ఎవరో చెబుతారు.

మిర్చిబజ్జి
శ్రీను గారూ నేను మీ వైపే కానీ ఈ ప్రాపర్టీ టాక్స్ పాట కొంచెం ఆపండి, మేం అద్దెకుంటాం, మరి మాకుండొద్దా ఓటు?

డాలస్_శ్రీను
అద్దెలో కూడా ఓనర్ కట్టే టాక్స్ కలిసే ఉంటుందిగా, మీరూ కట్టినట్టే.

మిర్చిబజ్జి
కలిసే ఉంటది. మరి పోయిన్నెల మీరే ఇంకో థ్రెడ్‌లో అపార్ట్‌మెంట్లు కట్టి స్కూళ్లు నింపేస్తున్నారని రాశారే? మర్చిపోలేదండీ.

డాలస్_శ్రీను
అది వేరే విషయం.

మిర్చిబజ్జి
ఏం వేరే విషయం సార్. ఇల్లున్నోళ్లకే ఓటు అన్న రోజులు ఈ దేశంలో ఉండేవి, మీరు అక్కడికే తీసుకెళ్తున్నారు

చరిత్ర_పిచ్చి
ఓ చిన్న మాట. సిటిజన్లకే ఓటు అనేది మొదట్నుంచీ ఉన్న రూలేం కాదు. ఒకప్పుడు చాలా రాష్ట్రాల్లో సిటిజన్ అవుతానని డిక్లరేషన్ ఇచ్చిన వలసవాళ్లు ఓటేసేవాళ్లు. టెక్సస్‌లోనూ ఉండేది, 1921 దాకా. ఆఖర్న తీసేసింది ఆర్కన్సా, 1926లో. సిటిజన్ కానివాళ్లు ఫెడరల్ ఎన్నికల్లో ఓటేస్తే నేరం అని చట్టం వచ్చింది 1996లో. అలాగని మనవాళ్లకి అప్పట్లో ఏదో దక్కిందని కాదు, 1923లో భగత్‌సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు ఇండియన్లు తెల్లవాళ్లు కాదు కాబట్టి సిటిజన్‌షిప్‌కి పనికిరారంది, అప్పటికే ఇచ్చినవాళ్ల దగ్గర కూడా వెనక్కి లాక్కున్నారు. 1946లో కొత్త చట్టం వస్తే గానీ ఆ తలుపు తెరుచుకోలేదు, అదీ ఏడాదికి వంద మంది కోటాతో.

పాతకాపు
నేను చెప్పేదీ అదే. దలీప్‌సింగ్ సౌంద్ 1920లో వచ్చాడు. ఆ చట్టం కోసం తిరిగినవాళ్లలో ఆయనా ఒకడు. 1949లో సిటిజన్ అయ్యాడు, 1956లో అమెరికా కాంగ్రెస్‌కి గెలిచాడు. మాకు షార్ట్‌కట్ కావాలని అడగలేదు.

డాలస్_శ్రీను
1920 నుంచి 1949. ఇరవై తొమ్మిదేళ్లు. నన్నూ అన్నేళ్లు కూర్చోమంటారా? మీ టైంలో రెండు మూడేళ్లలో గ్రీన్‌కార్డ్ వచ్చేసింది కాబట్టి మీకు ప్రమాణాల గురించి మాట్లాడ్డం తేలికే. ఏడాదికి అందరికీ కలిపి లక్షా నలభై వేల ఎంప్లాయ్‌మెంట్ గ్రీన్‌కార్డులు, అందులో ఏ దేశానికైనా ఏడు శాతమే. ఇండియాకీ అంతే, ఐస్‌లాండ్‌కీ అంతే. తలుపు మూసి పెట్టి లోపలికి ఎందుకు రాలేదంటే ఎలా?

పాతకాపు
తలుపు తెరిచున్న చోటికి మీరు వచ్చారా? మీ కాలనీలో హెచ్‌ఓఏ, అదే ఇంటి ఓనర్ల సంఘం, ఉందా లేదా? దానికి సిటిజన్ అక్కర్లేదు, గ్రీన్‌కార్డ్ అక్కర్లేదు, ఇంటి ఓనరైతే చాలు ఓటుంది. ఆఖరిసారి ఎప్పుడు వెళ్లారు? మీ బదులు ఇంకొకరు ఓటేసే ప్రాక్సీ ఫారం అయినా సంతకం పెట్టి పంపారా? మా కాలనీలో సగం ఇళ్లు మనవాళ్లవే, మీటింగ్‌కి కోరం కూడా నిండదు. వాట్సాప్ గ్రూప్‌లో మాత్రం రోజూ రెండొందల మెసేజీలు.

సుధ_పోలింగ్
పాతకాపు గారు చెప్పేదాంట్లో కొంచెం నిజం ఉంది. నేను ఎన్నికల క్లర్క్‌గా కూర్చుంటాను, ఇక్కడ స్కూల్ బోర్డు ట్రస్టీల ఎన్నిక మే నెల మొదటి శనివారం. పొద్దున ఏడు నుంచి రాత్రి ఏడు దాకా ఆ కుర్చీలోనే. మొన్నటిసారి పక్క గ్రౌండ్‌లో మన పిల్లల క్రికెట్ మ్యాచ్, పార్కింగ్ మొత్తం నిండిపోయింది, లోపలికి వచ్చిన తెలుగువాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టా. ఒకాయన వచ్చి బాత్రూం ఎక్కడని అడిగి వెళ్లిపోయాడు. సిటిజనే, నాకు తెలుసు ఆయన.

మిర్చిబజ్జి
😂😂 బాత్రూం

డాలస్_శ్రీను
నవ్వండి నవ్వండి. హెచ్‌ఓఏకి ఎందుకు వెళ్లలేదో చెప్పనా? మెయిల్‌బాక్స్‌కి ఏ రంగు వెయ్యాలని గంటన్నర కొట్టుకుంటారు అక్కడ. నాకు ఉద్యోగం పోతే అరవై రోజులు. అరవై రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరక్కపోతే ఇల్లు, కారు, పాప బడి, అన్నీ వదిలి ఫ్లైటెక్కాలి. 2023లో లేఆఫ్ అయింది నాకు. నలభై ఏడో రోజున ఆఫర్ వచ్చింది. ఆ నలభై ఏడు రోజులూ మా ఆవిడ ఒక్కో సామాను ఫొటో తీసి పెట్టుకుంది, అమ్మాల్సొస్తే పోస్ట్ చెయ్యడానికి. మెయిల్‌బాక్స్ రంగట. మీకు పాస్‌పోర్ట్ ఉంది కదా, మీకేం తెలుస్తుంది లెండి.

పాతకాపు
నాకేం తెలుసా. సరే, ఇన్నేళ్లలో ఎక్కడా రాయలేదు, ఇప్పుడు రాస్తా. 2009లో నా సిటిజన్‌షిప్ ఓత్ అయింది. ఆ మర్నాడే యూఎస్ పాస్‌పోర్ట్‌కి అప్లై చేశా, దాంతో పాటు ఒరిజినల్ సిటిజన్‌షిప్ సర్టిఫికెట్ కూడా పోస్ట్‌లో పంపాలి, పంపేశా. తొమ్మిదో రోజు రాత్రి మా అన్నయ్య ఫోన్, అమ్మ పోయిందని. ఇండియా పాస్‌పోర్ట్ బీరువాలోనే ఉంది, కానీ ఓత్ తీసుకున్న నిమిషం నుంచీ అది చెల్లదు. కొత్తది రాలేదు. సర్టిఫికెట్ నా దగ్గర లేదు. అర్జెంట్ పాస్‌పోర్ట్, దాని మీద అర్జెంట్ వీసా, అవును, మా అమ్మ చావుకి వెళ్లడానికి నేను వీసా అడుక్కున్నా. అన్నీ అయ్యి తెనాలిలో దిగేసరికి ఐదో రోజు. చిన్నకొడుకుని, తలకొరివి నేనే పెట్టాలి, మా బాబాయి కొడుకు పెట్టాడు. నేనెవర్నీ తప్పు పట్టట్లా, రూలు రూలే. కానీ ఓటంటే నాకు అది. మీరొచ్చి టాక్స్ బిల్లు చూపించి నాకూ ఇవ్వండి అంటే ఒళ్లు మండుతుంది.

మిర్చిబజ్జి
అయ్యో సార్.

డాలస్_శ్రీను
పాతకాపు గారూ, సారీ అండీ. నాకు తెలీదు. పాస్‌పోర్ట్ అని అలా అనకుండా ఉండాల్సింది. కానీ ఒక్కటి అడుగుతా, కోపం తెచ్చుకోకండి. మీరు కట్టినంత రేటు అందరూ కట్టాల్సిందేనా?

పాతకాపు
రేటు నేను పెట్టలేదు. ఇండియా డ్యూయల్ సిటిజన్‌షిప్ ఒప్పుకోదు, ఒకటి వదిలితేనే రెండోది. సిటిజన్‌షిప్ వదిలినవాళ్లకి ఇండియా ఇచ్చే ఓసీఐ కార్డ్ ఉంది, దాంతో ఓటు రాదు, పొలం కొనలేను. మా పొలం పక్క ఎకరం అమ్మకానికొస్తే అన్నయ్య పేరు మీద కొనమన్నారు, వద్దన్నా. మీకైతే అక్కడ ఓటు ఇప్పటికీ ఉంది. ఫామ్ 6ఏ పెట్టుకుంటే ఎన్‌ఆర్‌ఐ ఓటర్, కాకపోతే స్వయంగా వెళ్లి వెయ్యాలి.

గోదారి_ఎన్నారై
2024 మే 13కి టికెట్ కొనుక్కుని వెళ్లి వేసొచ్చా నేను. రాజమండ్రిలో ఎండకి చొక్కా పిండుకోవాల్సొచ్చింది.

సుధ_పోలింగ్
శ్రీను గారూ, సూటిగా అడుగుతా. రేపు పొద్దున గ్రీన్‌కార్డ్ చేతికొచ్చి, ఐదేళ్లు గడిచి, ఎన్400 పెట్టుకోమన్నారనుకోండి. పెడతారా?

డాలస్_శ్రీను
(చాలాసేపు ఆలోచించి రాస్తున్నా.) తెలీదండీ. మా ఆవిడ పెడదాం అంటుంది. అమ్మ ఒక్కతే ఉంది నరసరావుపేటలో, రెండెకరాలుంది, నాన్న పోయినప్పుడు నేను రెండో రోజే వెళ్లగలిగా. అది చేజారిపోతుందేమోనని. పదకొండేళ్లుగా ఇంకో రెండేళ్లు చూసి వెళ్లిపోదాం అనే అంటున్నాం.

చరిత్ర_పిచ్చి
వారసత్వంగా వచ్చే పొలానికి ఓసీఐ అడ్డం కాదండీ, కొనడానికే కుదరదు.

పాతకాపు
ఇప్పుడు అసలు విషయం చెప్పారు. మీరు వెళ్లిపోదామనుకుంటూ ఇక్కడి పిల్లలందరి బడి గురించి ఓటెయ్యాలంటున్నారు. దానికి నేనొప్పుకోను.

డాలస్_శ్రీను
వెళ్లేదాకా పాప అదే బడికి పోవాలి కదండీ. మీరూ రిటైరయ్యాక తెనాలి వెళ్లిపోతానని సంక్రాంతి థ్రెడ్‌లో రాశారు. అయినా మీ ఓటు మీకుంది, ఎవరూ తీసెయ్యట్లేదు.

పాతకాపు
అది ఊరికే రాశా.

డాలస్_శ్రీను
మేం అనేది కూడా ఊరికే ఏమో.

ఓరుగల్లు_పిల్లగాడు
అన్నా ఎన్400 ఫీజు ఎంతుంటది? మా మామ అడుగుతుండు

సుధ_పోలింగ్
2024 ఏప్రిల్ నుంచి ఆన్‌లైన్‌లో 710, కాగితం మీద 760 డాలర్లు. టెస్ట్ కూడా మారిందని చెప్పు, 2025 అక్టోబర్ 20 నుంచి అప్లై చేసినవాళ్లకి 128 ప్రశ్నల్లోంచి ఇరవై అడుగుతారు, పన్నెండు కరెక్ట్ అవ్వాలి. ఆ ఫారం డబ్బా ఖాళీగానే వదిలావు కదా?

ఓరుగల్లు_పిల్లగాడు
ఖాళీగ కాదక్కా, నో అని పెట్టిన. పెన్నుతోని రెండుసార్లు గట్టిగ దిద్దిన.

మిర్చిబజ్జి
అది సరే గానీ టకోమా పార్క్‌లో అద్దెలెలా ఉన్నాయో ఎవరికైనా తెలుసా