అమ్మానాన్నలతో ఫిబ్రవరిలో జెర్మాట్: స్కీయింగ్ రానివాళ్లకి బాగుంటుందా?

ప్రశ్న (స్టుట్‌గార్ట్ నుంచి)

అందరికీ నమస్తే. ఫిబ్రవరిలో అమ్మానాన్న మా దగ్గరికి వస్తున్నారు. మేటర్‌హార్న్ కొండ చూడాలని నాన్నకి ఎప్పటినుంచో కోరిక. నా చిన్నప్పుడు ఇంట్లో ఆ బొమ్మ ఉన్న క్యాలెండర్ ఉండేది, సంవత్సరం అయిపోయినా తియ్యనిచ్చేవారు కాదు. అందుకని స్విట్జర్లాండ్‌లో జెర్మాట్‌కి వెళ్లి రెండు రాత్రులు ఉందామనుకుంటున్నాం. నాన్నకి 68 ఏళ్లు, బీపీ ఉంది. అమ్మకి మోకాళ్ల నొప్పులు, పైగా శాకాహారి. మాలో ఎవరికీ స్కీయింగ్ రాదు. ఏడేళ్ల మా వాడు మాత్రం నేర్చుకుంటానని పట్టుబట్టాడు. అంత ఖర్చు పెట్టి వెళ్లాక పెద్దవాళ్లు గదిలోనే కూర్చోవాల్సి వస్తుందేమోనని టెన్షన్‌గా ఉంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

జవాబు (జ్యూరిచ్ నుంచి)

తప్పకుండా తీసుకెళ్లండి. పోయిన ఫిబ్రవరిలో నేను మా అమ్మానాన్నల్ని తీసుకెళ్లాను. తెనాలి దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే మనుషులు, మంచు చూడటం అదే మొదలు.

ఊళ్లోకి పెట్రోలు, డీజిల్ కార్లు రానివ్వరు. కారు 5 కిలోమీటర్ల ముందే టెష్‌లో పెట్టేసి, అక్కణ్ణించి 12 నిమిషాలు రైల్లో వెళ్లాలి. వీధుల్లో తిరిగేవి డబ్బాల్లాంటి చిన్న కరెంటు బండ్లు. చప్పుడుండదు, వెనక వస్తున్నా తెలియదు. అమ్మగారి చెయ్యి పట్టుకుని పక్కగా నడిపించండి. నీడ పడే సందుల్లో నేల గడ్డకట్టి ఉంటుంది. బూట్లకి తగిలించుకునే ఇనప ముళ్ల పట్టీలు దొరుకుతాయి, ముందే కొనండి.

నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. దిగిన రోజే గోర్నర్‌గ్రాట్ రైలెక్కించాను. 1898 నుంచీ నడుస్తున్న పళ్లచక్రాల రైలు అది. 1,600 మీటర్ల ఎత్తున్న ఊరి నుంచి 33 నిమిషాల్లో 3,089 మీటర్లకి చేరుస్తుంది. పైన గాలి పలచన. అమ్మకి తల తిరిగి, పెదాలు ఎండిపోయాయి. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. వెంటనే తర్వాతి రైల్లో దించేశాను. మర్నాడు దారి మధ్యలో రిఫెల్‌బెర్గ్ దాకానే వెళ్లాం, అది 2,582 మీటర్లు. మేటర్‌హార్న్ అక్కణ్ణించి కూడా నిండుగా కనపడుతుంది. అమ్మ ఎండలో బెంచీ మీద గంటసేపు హాయిగా కూర్చుంది. బీపీ ఉన్నవాళ్లు బయల్దేరేముందే డాక్టర్ని అడగాలి. హాఫ్ ఫేర్ కార్డు తీసుకుంటే ఈ రైలుకి సగం టికెట్టే.

మా నాన్న ఎక్కువసేపు నిలబడింది మాత్రం హింటర్‌డార్ఫ్‌లో. ఊళ్లో పాత వీధి అది. లార్చ్ చెక్కతో కట్టిన పాత ఇళ్లు, ఎండకి నల్లబడిన గోడలు, కప్పు మీద రాతి పలకలు. కొన్ని కొట్లు నేలకి ఆనకుండా పొట్టి గుంజల మీద ఉంటాయి. ఒక్కో గుంజ మీదా చక్రంలాంటి గుండ్రటి రాయి, దాని మీద కొట్టు. నేను బోర్డు చదివేలోపే నాన్న వంగి కిందకి చూసి, "ఎలకలు ఎక్కకుండా పెట్టార్రా, ఇది గాదె" అన్నారు. నిజమే. ఇక్కడికి స్కీయింగ్ రాకముందు ఈ ఊరివాళ్లు రై అనే ధాన్యం పండించి బతికిన రైతులు, కోసిన పనలు అందులో దాచుకునేవారు. తాతగారి ఇంట్లో గాదె ఎలా ఉండేదో, పంట పోయిన ఏడు దాని అడుగు ఎలా కనపడిందో నాన్న ఆ మంచులో నిలబడి చెప్పారు. ఆ సంగతులు నాకు అప్పటిదాకా తెలియవు. మీరూ ఆ వీధికి ఒక పూట కేటాయించండి.

తిండి సంగతి. ఫాండ్యూ అంటే కరిగించిన చీజే కదా అని తెప్పించకండి, అందులో వైట్ వైన్ పోస్తారు. మేం తిన్నాక తెలిసి అమ్మ చాలా బాధపడింది. రాక్లెట్ అంటే ఉడికించిన బంగాళాదుంపల మీద కరిగిన చీజ్, అది నయం. రోష్టీ అంటే తురిమి వేయించిన బంగాళాదుంపలు, అందులో బేకన్ (పంది మాంసం) వెయ్యొద్దని చెప్పాలి. వంటిల్లున్న అపార్ట్‌మెంట్ తీసుకుంటే ఈ బెంగే ఉండదు. స్టేషన్ ఎదురుగానే సూపర్‌మార్కెట్ ఉంది.

జవాబు (జెనీవా నుంచి)

పిల్లాడి గురించి నేను చెప్తాను. సునెగ్గాకి కొండ లోపల సొరంగంలో నడిచే రైలుంది, కొద్ది నిమిషాల్లో పైకి చేరుస్తుంది. అక్కడ లైసే చెరువు పక్కన పిల్లలు నేర్చుకునే చోటు ఉంది. కదిలే పట్టీ మీద నిలబడితే అదే పైకి తీసుకెళ్తుంది. మా పాప అక్కడే నేర్చుకుంది. క్లాసులో చేర్పించండి, సొంతంగా నేర్పించొద్దు. నీలం గుర్తున్న స్కీయింగ్ దారి తేలికే అంటారు గానీ మొదటి రోజు అది కూడా వద్దు. తాతయ్య, నాయనమ్మ ఎండలో కూర్చుని వాణ్ణి చూడొచ్చు. వాడికి అంతకన్నా ఏం కావాలి?

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అండి. గాదె సంగతి చదివి నాన్నకి ఫోన్ చేశాను, ఇప్పుడు కొండకన్నా దాని గురించే ఎక్కువ అడుగుతున్నారు. ఇంకొక్కటి. 3,883 మీటర్ల దాకా కేబుల్ కారు ఉందట కదా, అక్కడికి వెళ్లొచ్చా?

జవాబు (జ్యూరిచ్ నుంచి)

నాన్నగారితో వద్దండి. యూరప్‌లో కేబుల్ కారు స్టేషన్లలో అదే అన్నిటికన్నా ఎత్తయినది. గోర్నర్‌గ్రాట్‌కే మా అమ్మ అలా అయిపోయింది. దాని బదులు తెల్లవారకముందే లేపి చర్చి దగ్గర వంతెన మీదికి తీసుకెళ్లండి. ఊరంతా చీకట్లో ఉండగానే ఎండ ముందు శిఖరం కొసన పడి, ఎర్రగా కిందికి దిగుతుంది. మబ్బు పడితే ఏమీ కనపడదు, అందుకే రెండు ఉదయాలు చేతిలో ఉంచుకోండి. ఫ్లాస్కులో కాఫీ మరిచిపోవద్దు.