శాంతం వచ్చిందా, మొద్దుబారిపోయానా?

దిల్‌సుఖ్‌నగర్ నుంచి రాయదుర్గం, రోజూ మెట్రో. అమీర్‌పేటలో రైలు మారాలి. నాకు 43. టెస్టింగ్ ఉద్యోగం. ఆర్నెల్ల కింద ఓ ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఎపిక్టీటస్ అనే పాతకాలపు తత్వవేత్త పుస్తకం 40 రూపాయలకు దొరికింది. కొన్ని మన చేతిలో ఉంటాయి, కొన్ని ఉండవు, లేనివాటి కోసం కుమిలిపోకు. నాకు అర్థమైనంతలో ఇంతే.

ఆఫీసులో భలే పనిచేసింది. ఈసారి రేటింగ్ తగ్గింది. మామూలుగా అయితే ఆ టెన్షన్‌కి రెండు వారాలు నిద్ర పట్టేది కాదు. ఈసారి క్యాంటీన్‌కెళ్లి ఉప్మా తిన్నా.

తేడా ఇంట్లో కొట్టింది. జనగామలో అమ్మ ఒక్కతే ఉంటుంది. పోయిన మంగళవారం సాయంత్రం రైలు మలక్‌పేటలో ఉండగా ఫోన్ చేసింది. మోకాళ్లు, నొప్పులు. 'నొప్పి నా చేతిలో లేదు కదా' అనుకున్నా. "చూద్దాంలే అమ్మా" అని దిల్‌సుఖ్‌నగర్ రాకముందే పెట్టేశా. ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే మా ఆవిడ, "వాతావరణ వార్తలు చదివినట్టు చెప్తున్నారేంటండీ?" అంది.

అప్పట్నుంచి గుంజాటన. మనశ్శాంతి కోసం మొదలుపెట్టి మనసునే పోగొట్టుకున్నానా?

రిటైర్డ్ పంతులు, నల్లకుంట

తమ్ముడూ, సగమే చదివినట్టున్నావు. ఎపిక్టీటస్ బానిస బతుకు బతికినవాడు. డొమిషియన్ చక్రవర్తి తత్వవేత్తలను రోమ్ నుంచి వెళ్లగొడితే గ్రీసులో నికోపొలిస్ వెళ్లి బడి పెట్టుకున్నాడు. తనుగా ఏమీ రాయలేదు, నువ్వు కొన్న పుస్తకం శిష్యుడు అర్రియన్ చలవే. ఆ శిష్యుడు రాసిపెట్టిన పాఠాల్లోనే ఉంది: విగ్రహంలా చలనం లేకుండా ఉండకూడదు, కొడుకుగా, అన్నగా, తండ్రిగా చుట్టరికాలు నిలబెట్టుకోవాలి అని. ముసలితనంలో, స్నేహితుడు వదిలేయబోయిన పసిబిడ్డను తెచ్చి పెంచుకున్నాడని, ఆ పుస్తకానికి తర్వాతెప్పుడో వ్యాఖ్యానం రాసిన సింప్లిషియస్ చెప్పాడు. విగ్రహం చేసే పనా అది?

మోకాలు నీ చేతిలో లేదు, సరే. ఫోను ఎవరి చేతిలో ఉంది?

మాదాపూర్ అక్క

మాస్టారు చెప్పింది ఇంటికి సరిపోయింది. ఆఫీసు సంగతి నేను చెప్తా. మా పాత కంపెనీలో మ్యాట్లు పరిచి, కళ్లు మూయించి, 'మార్చలేనిదాన్ని ఒప్పుకోండి' అని గంటసేపు క్లాసు పీకారు. తర్వాతి వారం మా టీమ్‌లో సగం మందిని తీసేశారు. ఈ ఫిలాసఫీ మనకన్నా వాళ్లకే ఎక్కువ పనికొస్తుందని అప్పుడు తెలిసింది. రేటింగ్ ఎందుకు తగ్గిందో మెయిల్ పెట్టి అడిగారా? అడగడం మీ చేతిలోదే కదా. ఉప్మా తర్వాత తినొచ్చు.

అడిగినవాణ్ణే మళ్లీ

మెయిల్ పెట్టా అక్కా. జవాబు లేదు.

ఆదివారం సికింద్రాబాద్‌లో రైలెక్కి జనగామ వెళ్లా. డాక్టర్‌కి చూపిద్దామని పాత ఎక్స్‌రేలు, చీటీలు వెతుకుతుంటే అమ్మ, "గవన్నీ తర్వాత గానీ, ముందుగాల అటక మీదున్న ఇత్తడి గిన్నె దించు బిడ్డా. నెల రోజులసంది నాకు అందుతలేదు" అంది. స్టూలు వేసుకుని దించా. నిండా బూజు.

మంగళవారం ఫోన్ చేసింది దానికోసమేనట సార్. మోకాళ్ల దగ్గర మొదలుపెట్టింది, గిన్నె దాకా నేనే రానివ్వలేదు.